ఐస్ డ్యాన్సర్ కెరీర్: మంచు దొరికినా జోడీ దొరకాలిగా!

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఐస్ అంటే రొయ్యల పెట్టెల్లో పోసేదే. చెరువు పట్టే రోజు ఐస్ దిమ్మల లారీ గంట ఆలస్యమైతే రైతుకి టెన్షన్ మొదలవుతుంది. ఇలాంటి చోట ఐస్ డ్యాన్స్ గురించి రాయడమేంటి అనుకోవచ్చు. కానీ నెల్లూరులోనూ ఒంగోలులోనూ పొద్దున్నే చక్రాల బూట్లేసుకుని తిరిగే పిల్లలకి కొదవ లేదు. వాళ్లలో చాలామంది టెన్త్‌కి వచ్చేసరికి కనిపించకుండా పోతారు. ఎందుకో అర్థం కావాలంటే ఐస్ డ్యాన్సర్ కెరీర్ ఎలా నడుస్తుందో చూడాలి.

ముందు ఆట సంగతి. టీవీలో అబ్బాయి అమ్మాయిని గాల్లోకి విసిరి, ఆమె తిరిగి మంచు మీద వాలడం చూసుంటారు. అది పెయిర్స్. ఐస్ డ్యాన్స్‌లో విసరడాలు ఉండవు, పెద్ద జంపులూ ఉండవు. పార్ట్‌నర్‌ని ఎత్తి పట్టుకునే మామూలు లిఫ్ట్ ఏడు సెకన్లు దాటితే మార్కులు కోస్తారు. లెక్కంతా పాదాల్లోనే, ఇద్దరి మధ్య దూరంలోనే. ఎంత దగ్గరగా ఆడాలంటే, ఒకరి బ్లేడు ఇంకొకరి బ్లేడుకి తగలకుండా ఈ ఆటగాళ్ల బ్లేడు వెనక భాగాన్ని కాస్త పొట్టిగా చేస్తారు. అంత దగ్గరితనం ఆరు నెలల కోచింగ్‌తో వచ్చేది కాదు.

కెనడా జోడీ టెస్సా వర్చూ, స్కాట్ మోయిర్‌లను కలిపింది 1997లో. అమ్మాయికి ఏడేళ్లు, అబ్బాయికి తొమ్మిది. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో స్వర్ణం, 2014 సోచీలో రజతం, 2018 ప్యాంగ్‌చాంగ్‌లో మళ్లీ స్వర్ణం. మధ్యలో ఆమె పిక్కల నొప్పికి రెండుసార్లు సర్జరీ అయింది. ఆమె మంచానికే పరిమితమైన రోజుల్లో అతని కెరీర్ కూడా ఆగినట్టే. వేరే ఆటలో గాయం ఒకరిది, నష్టం ఒకరిది. ఇక్కడ గాయం ఒకరిదైనా నష్టం ఇద్దరిదీ. పార్ట్‌నర్ మానేస్తే పదేళ్ల సాధన ఉన్నా మళ్లీ మొదటికొచ్చినట్టే. పైగా ఒలింపిక్స్‌కి వెళ్లాలంటే ఇద్దరిదీ ఒకే దేశ పౌరసత్వం అయి తీరాలి. కెనడాలో పుట్టిన టానిత్ బెల్బిన్‌కి అమెరికా పౌరసత్వం వచ్చింది 2005 డిసెంబరు 31న. రెండు నెలలు తిరక్కుండానే టురిన్ ఒలింపిక్స్‌లో బెన్ అగోస్టోతో కలిసి అమెరికాకి రజతం తెచ్చింది.

మార్కుల గొడవ సరేసరి. 2002 సాల్ట్ లేక్ ఒలింపిక్స్‌లో జడ్జీల ఓట్ల బేరం ఆరోపణ పెయిర్స్‌తో మొదలై ఐస్ డ్యాన్స్ దాకా పాకింది. ఆ దెబ్బకి గరిష్ఠంగా 6.0 మార్కులేసే పాత పద్ధతే పోయింది.

నాకు వీటన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది డబ్బు సంగతి. 1984 సరాయెవో ఒలింపిక్స్‌లో ఫ్రీ డ్యాన్స్‌కి పన్నెండు 6.0లు కొట్టిన బ్రిటన్ జోడీలో క్రిస్టఫర్ డీన్ ఒకప్పుడు పోలీసు, జేన్ టార్విల్ ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా. డ్యూటీల మధ్య ప్రాక్టీసు. ఉద్యోగాలు మాని పూర్తిగా సాధన మీద కూర్చోగలిగారంటే నాటింగ్‌హామ్ సిటీ కౌన్సిల్ ఇచ్చిన 42 వేల పౌండ్ల వల్లే. అంటే ఆ ఊరి మున్సిపాలిటీ అన్నమాట! ఇక వాళ్ల తెలివి చూడండి. ఎంచుకున్న సంగీతాన్ని ఎంత కుదించినా అనుమతించిన సమయం కంటే 18 సెకన్లు ఎక్కువే వచ్చింది. బ్లేడు మంచుకి ఆనినప్పుడే గడియారం మొదలవుతుందని రూలు. అందుకని ఆ 18 సెకన్లూ మోకాళ్ల మీదే ఉండి ఊగారు. రూల్ బుక్కుని అంత ఓపిగ్గా చదివే తీరిక, జీతం గురించి బెంగ లేనివాడికే ఉంటుంది.

మన దగ్గరికి వద్దాం. ఐస్ డ్యాన్సర్లు చాలామంది ఇరవై దాటాక గాని పండరు, పతకాల దారిలో పడేది ఆ తర్వాతే. మన పిల్లవాడి ఆట తొమ్మిదో తరగతితో సరి. ఆ తర్వాత ఇంటర్, హాస్టల్, ర్యాంకు. తల్లిదండ్రుల్ని తప్పుపట్టి లాభం లేదు, వాళ్ల లెక్క వాళ్లకుంది. ఇక అబ్బాయీ అమ్మాయీ ఏళ్ల తరబడి చేయీ చేయీ పట్టుకుని సాధన చేస్తే మన వీధుల్లో ఎన్ని మాటలు పుడతాయో వేరే చెప్పాలా? స్పీడ్ స్కేటింగ్ మోజుకి ఇదీ ఒక కారణమని నా అనుమానం. అందులో పిల్లవాడు ఒక్కడు చాలు, సర్టిఫికెట్ కూడా త్వరగా వస్తుంది.

ఐస్ రింక్ కట్టిస్తామని ఏ నాయకుడైనా హామీ ఇస్తే మాత్రం నమ్మకండి. 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం డెహ్రాడూన్‌లో కట్టిన రింక్ ఆ తర్వాత ఏళ్ల తరబడి మూతపడే ఉండేది. కట్టడం ఒక ఖర్చు, ఏడాది పొడవునా మంచు కరగకుండా చూడడం ఇంకో ఖర్చు. కోస్తాలో ఐస్ ఫ్యాక్టరీ నడిపే ఎవర్నడిగినా ముందు కరెంటు బిల్లు చూపిస్తారు.

చేతిలో ఉన్న దారి చక్రాలదే. రోలర్ స్కేటింగ్‌లోనూ ఆర్టిస్టిక్ విభాగం ఉంది, జంటగా చేసే డ్యాన్స్ పోటీలూ ఉన్నాయి. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్‌లో ఒక కాంస్యం, అవనీ పాంచాల్‌తో పెయిర్స్‌లో ఇంకో కాంస్యం గెలిచాడు. 2015లో అర్జున అవార్డూ వచ్చింది. దీనికి కావలసింది నున్నటి నేల, ఓపికున్న కోచ్, మధ్యలో మానేయని ఇద్దరు పిల్లలు. ఇండోర్ స్టేడియంలో చెక్క ఫ్లోర్ మీద చక్రాలంటే బ్యాడ్మింటన్ వాళ్లు ఒప్పుకోరు, అది న్యాయమే. పక్కన సిమెంటు నేల నున్నగా చేయించి, పైన రేకులు వేయించి, సాయంత్రం రెండు గంటలు ఈ జోడీలకి వదిలితే చాలు. ఆ ఖర్చు కార్పొరేషన్ బడ్జెట్‌లో ఓ మూలకి కూడా రాదు. ఇంటర్‌లో చేరాక కూడా ఆ రెండు గంటలు పిల్లల్ని పంపించేలా కాలేజీల్ని ఒప్పించడమే అసలు కష్టం.