వెబ్‌క్యామ్ మసకకు డ్రైవరే కారణమా?

"డెస్క్‌టాప్‌లో వెబ్‌క్యామ్ మసకగా కనిపిస్తే తప్పు పాత డ్రైవర్‌దే. ఈ లింకులోని డ్రైవర్ అప్‌డేటర్ వేసుకుంటే ఏ కెమెరా అయినా ఫుల్ హెచ్‌డీ ఇస్తుంది. యూఎస్‌బీ పోర్టు ఏదైనా ఒకటే. అప్పటికీ బాగుపడకపోతే ఎక్కువ మెగాపిక్సెళ్ల కెమెరా కొనండి." ఆన్‌లైన్ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా ఈ సందేశం తిరుగుతున్నది. ఇందులో రవ్వంత నిజం లేకపోలేదు గానీ, దాన్ని నమ్మి లింకు నొక్కేవారికి మేలు కన్నా కీడే ఎక్కువ.

మొదట డ్రైవర్ (కెమెరాను కంప్యూటర్ చేత పని చేయించే సాఫ్ట్‌వేర్) సంగతి. నేటి యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లలో చాలావరకు 2003లో వెలువడిన యూవీసీ (యూఎస్‌బీ వీడియో క్లాస్) అనే ఉమ్మడి ప్రమాణం ప్రకారం పనిచేస్తాయి, వాటికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. తెర మీద బొమ్మ వస్తున్నదంటే ఆ డ్రైవర్ పని చేస్తున్నట్టే. 640x480 సెన్సారులో (కెమెరాలో వెలుతురును బొమ్మగా పట్టే చిప్పులో) ఉన్నవి 3,07,200 పిక్సెళ్లు మాత్రమే కాగా ఫుల్ హెచ్‌డీకి 20,73,600 కావాలి; సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మను సాగదీయగలదు తప్ప సెన్సారు పట్టని వివరాన్ని తెచ్చిపెట్టలేదు. కొన్ని కెమెరాల అదనపు సదుపాయాలకు కంపెనీ సాఫ్ట్‌వేర్ అవసరమే, అయితే దాన్ని ఆ కంపెనీ సైటు నుంచే తీసుకోవాలి.

"పోర్టు ఏదైనా ఒకటే" అన్నది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పిక్సెల్‌కు రెండు బైట్ల చొప్పున, సెకనుకు 30 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీ వీడియోను కుదించకుండా పంపాలంటే సెకనుకు సుమారు 99.5 కోట్ల బిట్లు వెళ్లాలి, యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగమే 48 కోట్ల బిట్లు. అందుకే కెమెరా ప్రతి ఫ్రేమునూ ఎంజేపెగ్ రూపంలో కుదించి పంపుతుంది. ఓబీఎస్ వంటి వీడియో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో ఫార్మాట్ వైయూవై2 (కుదించని రూపం) అని ఉంటే రిజల్యూషన్ గానీ ఫ్రేముల సంఖ్య గానీ పడిపోతుంది, ఎంజేపెగ్‌కు మార్చగానే చాలాసార్లు సర్దుకుంటుంది. పైగా అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లలో ముందు వైపు పోర్టు క్యాబినెట్ లోపలి సన్నని వైరు మీదుగా మదర్‌బోర్డుకు చేరుతుంది. దానికి పొడవైన ఎక్స్‌టెన్షన్ కేబులో, పెన్‌డ్రైవ్‌తో పంచుకునే హబ్బో తోడైతే ఇబ్బంది రెట్టింపవుతుంది. కెమెరాను వెనుక వైపు పోర్టుకు నేరుగా పెట్టి చూడడానికి పైసా ఖర్చు లేదు.

సందేశం అసలు ఎత్తని విషయం మరొకటి ఉన్నది. విండోస్ కెమెరా యాప్ సెట్టింగుల్లో వీడియో క్వాలిటీని 1080పీకి (ఫుల్ హెచ్‌డీకి) మార్చినప్పుడు బొమ్మ స్పష్టంగా ఉండి, జూమ్‌లోనో గూగుల్ మీట్‌లోనో మసకబారితే కెమెరాలో లోపం లేదన్నమాట. అప్పుడు జూమ్‌లో హెచ్‌డీ ఎంపికను, మీట్‌లో పంపే రిజల్యూషన్‌ను, ఇంటి నెట్ అప్‌లోడ్ వేగాన్ని చూసుకోవాలి. నెట్ తగ్గితే ఈ యాప్‌లు తమంతట తామే రిజల్యూషన్ దించేస్తాయి.

ఇక మెగాపిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీకి రెండు మెగాపిక్సెళ్లు చాలు. చవక కెమెరాల డబ్బాల మీద అచ్చయ్యే పెద్ద అంకెలు చాలావరకు సాగదీసిన ఫొటోలవి, వీడియోవి కావు. వెలుతురు చాలకపోతే ఎంత ఖరీదైన కెమెరాలోనైనా బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తుంది, కాబట్టి కిటికీకి వీపు పెట్టి కాక ముఖం పెట్టి కూర్చోవాలి. లెన్సు మీది రక్షణ పొరను తీయని వారూ ఉన్నారు. లెన్సు చుట్టూ తిప్పే రింగు ఉంటే, కూర్చునే చోటే ముఖం పక్కన దినపత్రికను పట్టుకుని, తెర మీద దాని శీర్షిక అంచులు పదునుగా కనిపించే వరకు రింగును మెల్లగా తిప్పాలి.