వెధవ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ వెధవ గారికి,

సంబోధన దగ్గరే చెయ్యి ఆగిపోయింది. పాత ఉత్తరాల పద్ధతిలో అయితే తమరిని 'గంగాభాగీరథీ సమానురాలైన' అనాలి. తమరేమో మీసాలున్న మగాళ్ల నెత్తికెక్కి ఊరేగుతున్నారు.

ఆదివారం మధ్యాహ్నం నా నిద్ర పాడుచేసింది మీరే. మేనల్లుడి తెలుగు హోంవర్కులో 'లింగాలు మార్చండి' ఉంది. రాజు-రాణి, తాత-అవ్వ అయ్యాక వాడికో సందేహం వచ్చింది. "మామయ్యా, అమ్మమ్మ నన్ను వెధవా అంటుంది కదా, దానికి స్త్రీలింగం ఏంటి?"

నిఘంటువులు దింపాను. స్త్రీలింగం మీరేనట! సంస్కృతంలో 'విధవా', భర్త పోయిన ఆడమనిషి. పాత ఉత్తరాల్లో 'గంగాభాగీరథీ సమానురాలు' అన్నదీ ఆవిడనే. తెలుగు నోట పడి వెధవ అయ్యారు, తిట్టయ్యారు, చివరికి మగాడై "ఆ వెధవ వచ్చాడు" అనిపించుకుంటున్నారు. అక్కడైనా ఆగారా? వెధవ కరెంటు, వెధవ ఉద్యోగం, వెధవ వాన. మీ చుట్టాలూ తక్కువవాళ్లు కారు. మా తాతయ్య ముద్దుగా పిలిచే 'భడవా'కి హిందీలో తార్పుడుగాడని అర్థం. పాపం, ఆ సంగతి తెలియకుండానే పోయాడు.

అది సరే. భార్య పోయినవాడికీ ఒక మాట ఉంది, విధురుడు. ఎవరైనా పిల్లాణ్ణి "ఒరే విధురుడా, ఆ చెప్పులు బయట విప్పు" అన్నారా? "విధుర బస్సు ఇంకా రాలేదు" అన్నారా? అనరు. ఆయనకి ఏడాది తిరక్కుండా సంబంధాలు చూస్తారు. వితంతువులు మళ్లీ పెళ్లాడొచ్చని 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు ఊరందరినీ ఎదిరించి ఒక పెళ్లి చేసి చూపించారు. అయినా మీరు మాత్రం తిట్టుగానే మిగిలారు.

మా నాన్న పోయి ఆరేళ్లు. మా అమ్మని ఎదురుగా ఆ మాట అనే దమ్ము ఎవరికీ లేదు. మొన్న సొంత మనవరాలి ఓణీల ఫంక్షన్లో మాత్రం "హారతి ముత్తైదువలు ఇస్తారు పిన్నిగారూ, మీరు కూర్చోండి" అన్నారు. ఆవిడ నవ్వి కూర్చుంది. నోటితో అనిపించకుండానే మీ పని కానిచ్చేశారు. సిగ్గు లేదూ మీకు?

మేనల్లుడికి ఇంకా జవాబు చెప్పలేదు. సాయంత్రం అమ్మే వచ్చి అడిగింది, "మధ్యాహ్నమంతా ఇద్దరూ కూర్చుని ఏం వెలగబెట్టార్రా?" మేం మాట్లాడలేదు. "నోట్లో బెల్లం ఉందా, వెధవల్లారా" అని జంతికల డబ్బా మా మధ్య పెట్టింది.

తిన్నాం.