మా డ్రమ్ముకి పెళ్లిచూపులు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. పోతూ పోతూ నాకు పెరటి పిచ్చి అంటించి పోయింది.

శ్రీకాకుళంలో మా వంటింటికీ వెనక ప్రహరీకీ మధ్య పదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు నేల ఉంది. ఇన్నాళ్లూ అక్కడ ఒక విరిగిన కుర్చీ, చైను లేని సైకిలు, 2018లో టిట్లీ తుఫానుకి ఎగిరొచ్చి పడిన రేకు ఒకటి కాపురం ఉండేవి. రేకు ఎవరిదో అడగడానికి ఎవరూ రాలేదు, నేనూ దాచలేదు. ఆ మూడింటినీ ఖాళీ చేయించి, ఉగాది నాటికి బెండ, బీర, ఆనప, గోంగూర వేసేద్దామని నిర్ణయించాను. ఇక రైతుబజారులో ఆనపకాయని గోరుతో గిల్లి చూసే పని ఉండదని మా ఆవిడకి మాటిచ్చాను. "ముందు నిన్న గిల్లి తెచ్చింది తరిగి పెట్టండి" అంది.

గత్తం, అదే పశువుల ఎరువు, కావాలంటే ఏ పల్లెకి ఫోన్ చేసినా ఆటోలో నాలుగు బస్తాలు వచ్చి పడతాయి. కానీ కొన్న గత్తంలో గొప్పేముంది? మూడు రాత్రులు ఫోన్ చూసి కంపోస్టు గురించి తెలుసుకోవాల్సిందంతా తెలుసుకున్నాను. ఎండాకుల్లో కార్బన్ ఎక్కువ, పచ్చి తొక్కల్లో నత్రజని ఎక్కువ. నత్రజని ఒక పాలుంటే కార్బన్ ముప్పై పాళ్లు ఉండాలి. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటాలి. వందేళ్ల కిందట ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవార్డ్ అనే దొర మన రైతులు చేసేది చూసి, దానికి లెక్కలు కట్టి ఇండోర్ పద్ధతి తయారుచేశాడు. తర్వాత గోతిలో వేసి మట్టితో కప్పెట్టే బెంగళూరు పద్ధతి వచ్చింది. నాది శ్రీకాకుళం పద్ధతి. దాని వివరాలు కింద వస్తాయి.

పాత నీళ్ల డ్రమ్ము ఒకటి, నీలం రంగుది, తీసుకున్నాను. ఊచ ఎర్రగా కాల్చి అడుగున నాలుగు కన్నాలు పెట్టాను. తీసుకెళ్లి నున్నటి సిమెంటు గచ్చు మీద నిలబెట్టాను. అంటే కన్నాలున్నాయి, వాటి కింద మూతలాగా గచ్చూ ఉంది. ఈ సంగతి మా పదో తరగతి వాడికి మొదటి రోజే తెలుసట. అడగలేదు కాబట్టి చెప్పలేదట.

పొడి చెత్త కోసం వెతుకుతుంటే మా ఆఫీసులో పలాస ఆయన ఒక బస్తా జీడిపిక్కల తొక్కలు తెచ్చిచ్చాడు. ఉత్త చేతులతో అవన్నీ డ్రమ్ములో సర్దాను. రెండో రోజుకి అరచేతులు పొక్కాయి. చిన్నప్పట్నుంచీ కలం తప్ప ఏదీ పట్టని చేతులు! ఆ బొబ్బలు కనబడేలా వారం రోజులు టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగాను. "మట్టి పని కదండీ" అని చెప్పుకున్నాను కూడా.

తడి చెత్త బాధ్యత మా ఆవిడకి అప్పగించాను. రోజూ పొద్దున్న చెత్తబండి దగ్గర తడి వేరు, పొడి వేరు చేసి ఇచ్చే మనిషి కదా, వేరే చెప్పక్కర్లేదనుకున్నాను. మున్సిపాలిటీ లెక్కలో ఆకుపచ్చ డబ్బా తడికి, నీలం డబ్బా పొడికి. మా నీలం డ్రమ్ములో మాత్రం గంజి, మిగిలిన సాంబారు, విరిగిన పాలు, కానాగంత చేపలు కడిగిన నీళ్లు పడ్డాయి.

"ఇదేమిటే?" అన్నాను తర్వాత.

"తడి చెత్త అన్నారు. ఇంతకంటే తడివి మనింట్లో లేవు."

రెండు వారాలకి వీధిలో వాసన మొదలైంది. పక్కింటి మాస్టారు వచ్చి, "ఎక్కడో ఎలక చచ్చినట్టుందండీ" అన్నారు. నా కంపోస్టు మీద నాకు ఆవగింజంత అనుమానం కూడా రాలేదు. కంపోస్టుకి తొలకరి మట్టి వాసన ఉంటుందని చదివాను మరి! కాబట్టి మాస్టారితో పాటు నిజాయితీగా ఎలకని వెతికాను. వాళ్ల అటక మీదకెక్కి, పాత పరీక్ష పేపర్ల కట్టలన్నీ దించాను. వచ్చే ఆదివారం వాళ్లమ్మాయికి పెళ్లిచూపులు, అదీ ఆయన కంగారు. మగపెళ్లివారు ఆమదాలవలస వైపు పల్లె వాళ్లు. అరసవల్లిలో దర్శనం చేసుకుని అటునుంచి అటే వస్తారట. "మాట్లాడ్డానికి మా వైపు ఓ మనిషి ఉండాలి, మీరు రావాలి" అన్నారు. ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్న ఫోన్‌లో ఒకాయన చెబుతుంటే గుండె గుభేలుమంది. లోపలికి గాలి ఆడకపోతే గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పెత్తనం చేస్తాయి, అప్పుడే కుళ్లు వాసన వస్తుంది, వెంటనే కలియబెట్టాలి అంటున్నాడు. ఎలక ఎవరో తెలిసింది. ఆదివారం అరసవల్లిలో జనం ఎలా ఉంటారో తెలుసు కనక, వాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, ఈలోగా వాసన వదిలిపోతుంది అని లెక్క వేశాను. వాళ్లు తెల్లవారుజామునే వెళ్లి దర్శనం ముగించుకున్నారని నాకేం తెలుసు?

మూత తీశాను. పైన చర్మంలా బూడిదరంగు అట్ట కట్టి ఉంది. గునపం దింపితే దిగింది గానీ ఆగలేదు, అలా వెళుతూనే ఉంది. అడుగునుంచి గేదె నిట్టూర్చినట్టు ఒక బుడగ లేచి బుడుంగుమంది. ఆ వాసన ఎలా చెప్పను? కోడిగుడ్డు చనిపోతే దాని దినానికి చేపలన్నీ వచ్చినట్టుంది. ఊపిరి బిగబట్టి డ్రమ్ముని కాస్త పక్కకి వంచాను. కన్నాలకి రెండు వారాల తర్వాత స్వేచ్ఛ దొరికింది. నాలుగు ధారలూ ఒకటై, గచ్చు మీద నల్లగా సాగి, ప్రహరీ కింద తూములోంచి మాస్టారి వాకిట్లోకి తొంగి చూశాయి. అక్కడ వాళ్లమ్మాయి అరగంట కూర్చుని పెట్టిన చుక్కల ముగ్గు ఉంది. సరిగ్గా అప్పుడే కారు తలుపు చప్పుడైంది.

నేను చేసిన పని చెబుతాను, నవ్వకండి. డ్రమ్ము వెనక దాక్కున్నాను.

"ఏటిది, ఏటీ కంపు?" అన్న ఆడగొంతు వినిపించింది. "ఉండెస్" అని ఒక పెద్దాయన గొంతు. తర్వాత అడుగుల చప్పుడు దగ్గరైంది. ఏరు ఎక్కడ పుట్టిందో చూడ్డానికి వచ్చినట్టు ఆ నల్ల ధారని పట్టుకుని వచ్చి, తెల్లపంచె పెద్దాయన ప్రహరీ మీంచి తొంగిచూశారు. ముక్కు మూసుకోలేదు సరికదా, ఇంకోసారి పీల్చారు.

"ఏటి బాబూ, గత్తం సేస్తన్నారా?"

"కంపోస్టండీ" అన్నాను లేచి నిలబడి.

"ఇది గత్తం కాదు, గంజి."

పెళ్లికొడుకు తండ్రి ఆయనే. గేటు తిప్పుకుని మా పెరట్లోకి వచ్చేశారు. వెనకే మాస్టారు, మాస్టారి వెనక మధ్యవర్తి, వాళ్ల వెనక పెళ్లికొడుకు. పెద్దాయన వాచీ విప్పి కొడుకు చేతికిచ్చి, పంచె ఎగ్గట్టి, డ్రమ్ములో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి పిండారు. వేళ్ల సందుల్లోంచి కారిన నల్లనీళ్లు మోచేతి దాకా వచ్చి అక్కడ వేలాడి బొట్లుగా రాలాయి.

"సూసినారా? పిండితే తడి తగలాల, సుక్క రాలకూడదు. ఎండాకేదీ?"

అరచెయ్యి విప్పి అందులోంచి ఒక జీడి తొక్క ఏరి పట్టుకున్నారు. "ఇదెవుడేసినాడు? దీన్లో నూనుంటాది, ఓ పట్టాన కుళ్లదు. సెయ్యి పొక్కీగల్దు." నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది.

ఎండాకులు మాస్టారింట్లో ఉన్నాయి. పెళ్లివారు వస్తున్నారని వేపాకులన్నీ ఊడ్చి, తగలబెట్టడానికి మూల పోగేశారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి, పట్టుపంచె కట్టుకుని, గోనెసంచిలో ఆకులు కూరుతుంటే చూడలేకపోయాను. రెండో సంచి పెళ్లికొడుకు మోశాడు. విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కొత్త చొక్కా, సెంటు కూడా పూసుకున్నాడు. సెంటూ కంపోస్టూ కలిసి మూడో వాసన ఒకటి పుట్టింది.

మనుషులంతా ఇక్కడే ఉన్నారు కనక ఫలహారాలూ ఇక్కడికే వచ్చాయి. అమ్మాయి ప్రహరీకి అటువైపు కాఫీల పళ్లెంతో నిలబడింది, పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. అబ్బాయి ఇటువైపు చేతిరుమాలు కట్టుకుని. పెళ్లిచూపుల్లో మొహాలు చూసుకోనిది వీళ్లిద్దరే అయ్యుంటారు. "చక్కెర సరిపోయిందా?" అంది. "ఏం తెలీడం లేదండీ" అన్నాడు. నిజమే, ఆ గాలిలో ఎవరికీ ఏమీ తెలీడం లేదు.

పెద్దాయన డ్రమ్ము మొత్తం పట్టా మీద గుమ్మరించి, జీడి తొక్కలు ఏరించి (మా వాడి చేత, ప్లాస్టిక్ కవర్లు చేతికి తొడిగించి), డ్రమ్ముని రెండు ఇటుకల మీద నిలబెట్టించారు. జానెడు ఎండాకు, పైన బెత్తెడు గుజ్జు, మళ్లీ జానెడు ఆకు. మధ్యమధ్యలో మా ముందు వీధిలో ఆవులాయన దగ్గర తెచ్చిన పాత గత్తం నాలుగు గుప్పెళ్లు. చివర్న ఇనప ఊచ నిలువుగా గుచ్చి, "నాలుగు దినాల్లో వేడెక్కాల. ఊచ తీసి ముట్టుకుంటే సుర్రుమనాల" అన్నారు. కాళ్లూ చేతులూ కడుక్కుని నా ఫోన్ నంబరు తీసుకున్నారు. మాస్టారిది ఇదివరకే మధ్యవర్తి దగ్గర ఉందట. "ఆలోచించుకుని చెబుతాం" అని ఆయనకి చెప్పి కారెక్కారు.

సోమ, మంగళ, బుధవారాలు మాస్టారు నాతో మాట్లాడలేదు. గురువారం పొద్దున్నే నా ఫోన్ మోగింది. పెద్దాయనే. నేను మాట్లాడి పెట్టేసేసరికి మాస్టారు ప్రహరీ మీద గడ్డం ఆనించి ఉన్నారు.

"వాళ్లేనా? ఏమన్నారు?"

"వేడెక్కిందా అని అడిగారు."

"ఎవరికి?"

"డ్రమ్ముకి."

మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎక్కిందా మరి?" అన్నారు.

ఊచ లాగి ముట్టుకున్నాను. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకునేంత వేడి. మాస్టారు గోడ మీంచి చెయ్యి చాపి తనూ ముట్టుకుని, వేలు ఊదుకుంటూ, "వెంటనే ఫోన్ చేసి చెప్పండి. చెప్పాక ఆయన సంతోషంగా ఉన్నప్పుడు, మా అమ్మాయి సంగతి కూడా అడగండి" అన్నారు.