కింద పడే వీలైనా ఉండాల్సింది

22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. ఐదు డ్రా, పదహారు ఓటమి. 2023-24 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ మూటగట్టుకున్నది 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. ఇంగ్లండ్‌లోనో స్పెయిన్‌లోనో అయితే ఈ లెక్కతో జట్టు నేరుగా కింది డివిజన్‌కు పోయేది. ఐఎస్ఎల్‌లో ఆ శిక్ష అమలు కాలేదు. అందుకే మరుసటి ఏడాదీ అదే లీగ్‌లో ఆడి, 13 జట్లలో 12వ స్థానంలో నిలిచింది. ఆ తర్వాత ఏకంగా ఊరే మారిపోయింది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

ఇదే జట్టు 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది. కేరళ అభిమానుల పసుపు జెర్సీలతో నిండిపోయిన ఆ స్టేడియంలో, 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపేశాడు. కోచ్ మనోలో మార్క్వెజ్ దగ్గర కుర్రాళ్లు ఆడిన ఆట చూసి, క్రికెట్ తప్ప మరొకటి పట్టని ఇళ్లలోనూ నాలుగు మాటలు నడిచాయి. మరుసటి సీజన్‌లోనూ 42 పాయింట్లతో లీగ్‌లో రెండో స్థానం. అక్కడినుంచి 8 పాయింట్లకు రావడానికి పట్టింది ఒక్క ఏడాది.

కారణం మైదానంలో లేదు. జీతాలు అందలేదు. బకాయిల వివాదాలతో కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిషేధం పడింది. మార్క్వెజ్ అప్పటికే ఎఫ్‌సీ గోవా జట్టుకు వెళ్లిపోయారు. 2024 జనవరి నాటికి సీనియర్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. మిగిలిన కుర్రాళ్లను కూడగట్టుకుని కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో సీజన్ పూర్తి చేయించారు. చెన్నైయిన్ ఎఫ్‌సీపై దక్కిన ఆ ఏకైక గెలుపు వాళ్లది. ఆ సీజన్ గురించి గౌరవంగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉందంటే, రోజూ ఓడిపోతామని తెలిసీ బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగిన ఆ పిల్లల పట్టుదలే.

రెలిగేషన్, అంటే అట్టడుగు జట్టును కింది లీగ్‌కు పంపడం, క్లబ్ యజమానులకు హడల్. అభిమానులకూ అది గుండెకోతే. అయినా అది ఉండాలనే మేమంటాం. ఎందుకంటే కిందికి పడిన జట్టు ఊళ్లోనే ఉంటుంది. ఇంగ్లండ్ క్లబ్ సండర్లాండ్‌నే చూడండి. 2017లో ప్రీమియర్ లీగ్ నుంచి, 2018లో ఆ కింది డివిజన్ నుంచి కూడా జారిపడి మూడో అంచెకు చేరింది. అదే ఏడాది డిసెంబరు 26న బ్రాడ్‌ఫర్డ్‌తో మూడో అంచె మ్యాచ్‌కు 46,039 మంది వచ్చారు. నాలుగేళ్లు అక్కడే మగ్గి, 2022లో ఒక మెట్టు, 2025లో మరో మెట్టు ఎక్కి మళ్లీ ప్రీమియర్ లీగ్‌కు చేరింది. ఇన్నేళ్లూ ఆ క్లబ్ సండర్లాండ్ పట్టణాన్ని వదల్లేదు.

మన ఫ్రాంచైజీలు అలా కావు, అద్దె ఇళ్ల లాంటివి. పుణె సిటీ మూతపడితే ఆ ఖాళీలో 2019లో హైదరాబాద్ వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఇప్పుడు హైదరాబాద్ జట్టు ఢిల్లీకి చేరింది. పుణె జట్టు పోయినందుకు మనలో ఎవరమైనా బాధపడ్డామా? లేదు. మనదాకా వచ్చాకే నొప్పి తెలిసింది.

యజమానుల వాదన తీసిపారేయాల్సింది కాదు. ఏటా కోట్ల రూపాయల ఫ్రాంచైజీ రుసుము కట్టి, టీవీ ఆదాయం అంతంతమాత్రంగా ఉన్నప్పుడు, ఒక్క చెడ్డ సీజన్‌తో అదంతా పోతుందంటే పెట్టుబడి ఎవరు పెడతారని వాళ్ల ప్రశ్న. రెలిగేషన్ ఉన్నా ఆటగాళ్ల జీతాలు వచ్చేవి కావన్నదీ నిజమే. కానీ ఆ రక్షణ ఇన్నాళ్లూ ఎవరిని కాపాడింది? పుణెను కాపాడలేదు, మనల్నీ కాపాడలేదు. ఐఎస్ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్ విజేతకు 2022-23 నుంచి పై లీగ్‌కు ప్రమోషన్, 2024-25 నుంచి రెలిగేషన్ కూడా అని 2019లోనే ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య సమక్షంలో ప్రణాళిక గీశారు. మొదటి సగం అమలైంది. పంజాబ్ ఎఫ్‌సీ, మహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వచ్చాయి. రెండో సగం మాత్రం కాగితం దాటలేదు. 2024-25 ముగిసేదాకా ఒక్క జట్టూ కిందికి దిగలేదు.

ఈ నగరానికి ఇంకో జట్టు ఉందన్న సంగతి చాలామందికి పట్టదు. విశాఖలో మొదలై హైదరాబాద్‌కు వచ్చి స్థిరపడిన శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24 ఐ-లీగ్‌లలో వరసగా రెండో స్థానంలో నిలిచింది. సొంత అకాడమీ, నగర శివార్లలో సొంత మైదానం ఉన్న క్లబ్ అది. 2023-24లో పై లీగ్‌లో ఆఖరి జట్టు మనదే, కింది లీగ్‌లో రెండో జట్టూ మనదే. మధ్యలో తలుపు మాత్రం మూసి ఉంది.

రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఇంటర్‌కాంటినెంటల్ కప్‌కు, సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు గచ్చిబౌలిలో ఆతిథ్యం ఇచ్చింది. మంచిదే. కానీ టోర్నీలు వచ్చి పోతాయి. అలనాటి కోచ్ రహీం సాబ్ పేరు తలుచుకోవడం, ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందని చెప్పుకోవడం మనకు బాగా అలవాటు. అప్పట్లో ఆ జట్టు ఈ ఊరి ఉద్యోగులతో, ఈ ఊరి మైదానాల్లో తయారైందన్నది మాత్రం మర్చిపోతాం. ఇప్పుడు కావాల్సింది స్థానిక లీగ్‌ను ఏడాది పొడవునా నడపడం, పిల్లలకు మైదానాలు అందుబాటులో ఉంచడం, శ్రీనిధి మ్యాచ్‌లకు జనం వచ్చేలా బస్సులు వేయడం.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య చేయాల్సింది ఇంకా సూటిగా ఉంది. ఆఖరి జట్టు నేరుగా కిందికి, ఐ-లీగ్ విజేత నేరుగా పైకి. పై లీగ్‌లో కింది నుంచి రెండో జట్టుకు, ఐ-లీగ్ రన్నరప్‌కు ప్లే-ఆఫ్. ఆ నిబంధన 2024లో ఉండి ఉంటే, 11వ స్థానంలో నిలిచిన జంషెడ్‌పూర్‌తో శ్రీనిధి తలపడేది. గెలిచి ఉంటే హైదరాబాద్ ఎఫ్‌సీ పోయినా పై లీగ్‌లో హైదరాబాద్‌కు ఒక చోటు దక్కేది.