దరఖాస్తు అనే మహాకావ్యం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు రచయితలకీ కళాకారులకీ ఇచ్చే ఏ ఫెలోషిప్‌కీ దరఖాస్తు పెట్టుకున్నట్టు లేరు. పెట్టుకుని ఉంటే సామెతకి మూడో ముక్క చేరేది. కథ, కవిత, చిత్రం వగైరాలు ఇప్పుడు జతపరిచే కాగితాలు మాత్రమే. అసలు సాహిత్యం దరఖాస్తులోనే పుడుతోంది.

ముందు వేట. రెసిడెన్సీ అంటే కళాకారులు కొన్నాళ్లు బస చేసి పని చేసుకునే చోటు. అలాంటి చోట్లని కూడగట్టే రెస్ ఆర్టిస్ వంటి సంస్థల జాబితాలు తిరగేస్తే లోకంలోని ప్రతి పాత మిల్లూ రెసిడెన్సీయే అనిపిస్తుంది. 'మీరు ఎంపికయ్యారు' అన్న మాట కింద చిన్నక్షరాల్లో వారానికి ఇంత కట్టాలని ఉంటే దాన్ని మామూలు భాషలో లాడ్జి అంటారు. 1907లో మొదలైన అమెరికా రెసిడెన్సీ మాక్‌డవెల్‌లో బసకి డబ్బు తీసుకోరు, పైగా మధ్యాహ్న భోజనం బుట్టలో పెట్టి స్టూడియో గుమ్మంలో వదిలి వెళ్తారు. అందుకే అక్కడ అంత పోటీ. అమెరికాలోనే ఇచ్చే మాక్‌ఆర్థర్ ఫెలోషిప్‌కైతే దరఖాస్తే లేదు, ఎవరో గుట్టుగా మన పేరు సూచించాలి. దరఖాస్తులు రాయడంలో చెయ్యి తిరిగినవాళ్లకి ఇంతకన్నా అవమానం ఉండదు.

'నవల రాస్తాను' అంటే ఎవరూ పైసా రాల్చరు. 'జ్ఞాపకానికీ భూభాగానికీ మధ్య సంభాషణని అన్వేషిస్తాను' అనాలి. రెండూ ఒకటే నవల. అయితే కమిటీలో మామూలు మనుషులు కూడా ఒకరిద్దరు ఉంటారు గనక, ఇప్పటికి ఎన్ని అధ్యాయాలయ్యాయో, అక్కడ బస చేసే నాలుగు వారాల్లో ఏవి పూర్తవుతాయో మొదటి పేరాలోనే చెప్పేయడం క్షేమం. కథ 40వ పేజీలో అందుకుంటుందని తెలిసి కూడా నమూనాగా మొదటి పది పేజీలు పంపే నిజాయితీపరులున్నారు. 40 నుంచే పంపి, పైన రెండు లైన్ల సందర్భం రాస్తే చాలు.

బడ్జెట్ దగ్గర కవుల గొంతు తడారిపోతుంది. ప్రయాణం, వీసా, సామగ్రి అన్నీ వేసి, సొంత శ్రమ గడిలో సున్నా పెడతారు. త్యాగమని వాళ్ల ఉద్దేశం. చదివేవాళ్లకి లెక్క రాలేదనిపిస్తుంది. గ్రాంటు గరిష్ఠంగా 5,000 అయితే 7,200 ఖర్చు చూపి, మిగతా 2,200 ఎక్కణ్నుంచి వస్తుందో రాయకుండా వదిలేస్తారు. ఆ 2,200తో పాటే ఫైలూ మాయమవుతుంది.

సిఫార్సు లేఖ నెల ముందే అడగాలి, ప్రణాళిక, రచన నమూనా కూడా జత చేసి. రెండ్రోజుల ముందు అడిగితే గురువుగారు 'ఇతను సమయపాలన గలవాడు' అని రాసిస్తారు.

ఇక గడువు. అర్ధరాత్రి సరే, ఏ దేశపు అర్ధరాత్రి? 10 ఎంబీ దాటకూడదన్న చోట 47 ఎంబీ పీడీఎఫ్ ఎక్కించే ప్రయత్నం కచ్చితంగా ఆఖరి పది నిమిషాల్లోనే జరుగుతుంది. పేరు కనబడకూడదన్న పోటీకి ప్రతి పేజీ పైనా పేరు ముద్రించి పంపేవాళ్ల ఆత్మవిశ్వాసానికి వేరే అవార్డు పెట్టాలి.

'ఈ ఏడాది అసాధారణంగా ఎక్కువ దరఖాస్తులు వచ్చాయి' అని తిరస్కరణ ఉత్తరం వస్తుంది. ఏటా అదే ఉత్తరం. చాలాచోట్ల కమిటీ మారుతుంటుంది గనక నమూనా మార్చి మళ్లీ పెట్టుకోవచ్చు. కొన్నిచోట్ల ఏడాది ఆగాలన్న నియమం ఉంటుంది. ఆ ఖాళీలో పుస్తకం రాసుకుంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు.