ఊరి బాటకి తాళం వేస్తే ఎట్లా?

పెళ్లి వీడియో కోసం స్టూడియోకి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లిన వాళ్లకి ఈ సీన్ తెలిసే ఉంటుంది. కుర్రాడు ఫైల్ కాపీ కొడతాడు, ఫైల్ మరీ పెద్దదని మెసేజ్ వస్తుంది, చూస్తే పెన్‌డ్రైవ్‌లో బోలెడంత ఖాళీ ఉంటుంది. "ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ కొట్టాలి సార్, లేకపోతే ఎక్కదు" అంటాడు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు మరి. ఆ ఫ్యాట్32 అయినా, దాని తర్వాత వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ అయినా మైక్రోసాఫ్ట్ తయారుచేసినవే, 32 జీబీ దాటిన ఎస్‌డీ కార్డులకి స్టాండర్డే ఎక్స్‌ఫ్యాట్ కాబట్టి కెమెరా కంపెనీ అయినా ఫోన్ కంపెనీ అయినా ఆ కార్డు చదవాలంటే చాలా ఏళ్లు మైక్రోసాఫ్ట్ దగ్గర లైసెన్స్ తీసుకోవాల్సి వచ్చేది.

ఇందులో తప్పేముంది, కష్టపడి కనిపెట్టినోళ్లు డబ్బులు అడగరా అని ఎవరైనా అనొచ్చు. అడగాలి, మేమూ అదే అంటాం. వందలమంది ఇంజినీర్లు ఏళ్ల తరబడి రాసిన కోడ్‌ని ఎవడో కాపీ కొట్టి అమ్ముకుంటుంటే చూస్తూ ఊరుకోమని ఏ కంపెనీకీ చెప్పలేం. కానీ సొంత ఇంటికి తాళం వేసుకోవడం వేరు, ఊరంతా నడిచే బాటకి గేటు పెట్టడం వేరు. ఫైళ్లు సర్దే ఇలాంటి ఫార్మాట్ అనేది బాట, నా కార్డు నీ మెషీన్‌లో తెరుచుకోవాలంటే ఇద్దరం ఒకే పద్ధతి పాటించక తప్పదు కదా.

ఆ గేటు దగ్గర ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. పాత రోజుల్లో ఫైల్ పేరు ఎనిమిది అక్షరాలు మించకూడదు, తర్వాత పొడుగు పేర్లు వచ్చినా పాత ప్రోగ్రాముల కోసం లోపల ఇంకో పొట్టి పేరు దాచేవాళ్లు, ఆరు అక్షరాలు, ఒక వంకర గీత, ఒకటి అంకె. ఈ చిన్న సర్దుబాటు మీద మైక్రోసాఫ్ట్‌కి అప్పట్లో పేటెంట్లుండేవి. 2009 ఫిబ్రవరిలో టామ్‌టామ్ అనే డచ్ జీపీఎస్ కంపెనీ మీద కేసు వేసినప్పుడు అవి కూడా అందులో ఉన్నాయి, టామ్‌టామ్ వాడింది లైనక్స్, అంటే విండోస్ లాంటిదే కానీ ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. మార్చి చివరికల్లా టామ్‌టామ్ డబ్బు కట్టి రాజీ పడింది. కోర్టులో తేలింది ఏమీ లేదు, భయం మాత్రం మిగతా అందరికీ పాకింది.

మాకు దానికంటే బాధ అనిపించేది 2007 నాటి మాట. లైనక్స్‌తో సహా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టిన సాఫ్ట్‌వేర్, తమ పేటెంట్లు 235 ఉల్లంఘిస్తోందని అప్పట్లో మైక్రోసాఫ్ట్ చెప్పింది, అవి ఏవో మాత్రం చెప్పలేదు! ఏది తప్పో చెబితే దిద్దుకుంటారు, చెప్పకుండా నువ్వు తప్పు చేశావు అంటే ఎవరు ఏం దిద్దుకుంటారు? ఆస్తి కాపాడుకునే పద్ధతి ఇది కానే కాదని మా అభిప్రాయం.

అదే కంపెనీ తర్వాత మారింది, ఆ మారడాన్ని కూడా అంతే గట్టిగా చెప్పాలి. 2014లో మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు, అదే ఏడాది ప్రోగ్రాములు రాయడానికి వాడే తమ డాట్‌నెట్‌ని ఓపెన్ సోర్స్ చేస్తున్నామని ప్రకటించారు. 2018 అక్టోబర్‌లో ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరి తమ 60 వేల పేటెంట్లని అందులో పెట్టారు, అందులో ఉన్న సభ్యులు లైనక్స్ విషయంలో ఒకరి పేటెంట్లు ఒకరు రాయల్టీ లేకుండా వాడుకోవచ్చు. 2019 ఆగస్టులో ఎక్స్‌ఫ్యాట్ లోపలి వివరాలన్నీ బయటపెట్టారు, ఆ ఏడాది చివర్లో వచ్చిన లైనక్స్ 5.4లో దానికి సపోర్ట్ వచ్చేసింది.

అట్లని మైక్రోసాఫ్ట్ ఇల్లు వాకిలి ఏమీ రాసివ్వలేదు. విండోస్ కోడ్ ఇప్పటికీ మూసే ఉంది, ఆ 60 వేల ఒప్పందం కూడా లైనక్స్ అని నిర్వచించుకున్న మేరకే. మేం దాన్ని తప్పుపట్టం. ఏది నాది, ఏది అందరిదీ అని కాగితం మీద రాసి చూపిస్తే చాలు, అవతలివాడు దాన్ని బట్టి తన పని చూసుకుంటాడు.

మన చట్టంలో 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాంకి పేటెంట్ రాదు, కోడ్‌కి కాపీరైట్ రక్షణ ఉంటుంది. అందుకని మన స్టార్టప్‌ల పిల్లలకి ఇక్కడ పెద్ద భయం లేదు, కానీ అమెరికాలో అమ్మబోతే అక్కడి పేటెంట్లు ఎదురవుతాయి, ఆ సంగతి లాయర్‌తో మొదటి రోజే మాట్లాడుకోవాలి.

ప్రభుత్వాల పని ఇంకొకటి ఉంది. ఈ-గవర్నెన్స్‌లో ఓపెన్ స్టాండర్డ్స్, అంటే ఎవరైనా వాడుకోగల పద్ధతులు, వాడాలని కేంద్రం 2010లోనే పాలసీ తెచ్చింది, రాయల్టీ లేని ఫార్మాట్లకే పెద్దపీట వేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ భూమి రికార్డుల దగ్గర్నుంచి మార్కుల మెమోల దాకా సాఫ్ట్‌వేర్ కొంటూనే ఉన్నాయి. ప్రతి టెండర్‌లో ఒక్క షరతు రాయండి: కాంట్రాక్ట్ అయిపోయి ఆ కంపెనీ వెళ్లిపోయినా, మన డేటాని ఇంకో కంపెనీ ఎవరి పర్మిషన్ అడక్కుండా తెరవగలగాలి.