షుగర్ నార్మల్ అనగానే నిశ్చింత వద్దు

"మనిషి బక్కగానే ఉండె, షుగర్ కూడా లేదు, మరి గుండెపోటు ఎట్లొచ్చె?" అనంతపురం జిల్లా పల్లెల్లో యాభై ఏళ్లయినా నిండని మనిషి ఉన్నట్టుండి కుప్పకూలితే, ఆ ఇంటి ముందు కూర్చున్నవాళ్ల నోట వినిపించే మాట ఇది. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం చీటీ మీద రాసిచ్చే షుగర్ అంకెలో ఉండదు. ఆ అంకె పెరగడానికి ఏళ్ల ముందే రక్తనాళాల్లో నష్టం మొదలై ఉంటుంది.

తిన్న అన్నం, సంగటి రక్తంలో చక్కెరగా మారాక దాన్ని కండరాలకు అందించేది ఇన్సులిన్. కండరాలు, కాలేయం దాని మాట సరిగా వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి పని నెట్టుకొస్తుంది. అందుకే పరగడుపు షుగర్ చాలాకాలం నార్మల్‌గానే కనిపిస్తుంది. వైద్యులు ఇన్సులిన్ రెసిస్టెన్స్ అనేది దీన్నే. ఈలోగా కాలేయం ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వును రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. మూత్రపిండాలు ఉప్పును బయటికి పోనీయక బీపీ పెరుగుతుంది. ఇవి వేర్వేరు జబ్బులు కావని, ఒకే వేరు నుంచి మొలిచినవని 1988లోనే స్టాన్‌ఫర్డ్ వైద్యుడు జెరాల్డ్ రీవెన్ చెప్పారు. దానికి ఆయన పెట్టిన పేరు సిండ్రోమ్ ఎక్స్.

రెండో సంగతి పొట్టలోని కొవ్వు. పేగుల చుట్టూ చేరిన కొవ్వు కణాలు మోయలేనంత నిండితే, రోగాలతో పోరాడాల్సిన కణాలు అక్కడికి వచ్చి తిష్ట వేసి లోలోపల వాపు రేపుతాయి. కాలికి ముల్లు గుచ్చుకుంటే వాచి నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఈ వాపు తగ్గదు, నొప్పీ తెలియదు, బూడిద కింద నిప్పులా ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది. కొవ్వు నుంచి వెలువడే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే పదార్థం ఇన్సులిన్ పనిని చెడగొడుతుందని 1993లో ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో తేలింది. వాపు వల్ల ఇన్సులిన్ పని చెడుతుంది. అది చెడేకొద్దీ కొవ్వు ఇంకా పేరుకుంటుంది. గుండె రక్తనాళంలో ఉన్న పూడిక పైపొరను ఈ వాపే పలచబరుస్తుంది. ఆ పొర చిట్లిన చోట రక్తం గడ్డకడితే గుండెపోటు వస్తుంది. నాళం సగం కూడా మూసుకోని మనిషికి గుండెపోటు రావడానికి కారణం ఇదే.

ఇది ఊహ కాదు. గుండెపోటు వచ్చి, వాపు గుర్తు అయిన సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న సుమారు పది వేల మందిపై క్యాంటోస్ పేరుతో జరిగిన మందు ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండా వాపును మాత్రమే తగ్గించే ఇంజెక్షన్‌తో మళ్లీ గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు 15 శాతం తగ్గాయి. అయితే ఆ మందు ఖరీదైనది, ఇన్ఫెక్షన్ల ముప్పు కూడా ఉంది. వాపు అనే మాట విని ఎవరూ మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కోవద్దు. మోకాళ్ల నొప్పులకు రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు గుండెకు ముప్పు పెంచుతాయి.

మరి బక్క మనిషి సంగతి? పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడిన తమ ఫొటో ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పుణె పరిసర పల్లెల్లో పుట్టిన బిడ్డలు ఇంగ్లండ్ బిడ్డల కంటే చిన్నగా, కండ తక్కువగా ఉన్నా కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదని యాజ్ఞిక్ బృందం చూపించింది. తల్లులు అర్ధాకలితో బిడ్డల్ని మోసిన కరువు సీమ మనది. పుణె పల్లెల గురించి చెప్పింది మనకూ చెప్పినట్లే తీసుకోవాలని మేం నమ్ముతున్నాం.

తిండి మారింది, పని మారింది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం కూలి ఇంటి ఆకలి తీర్చింది. ఆ మేలును మేం తక్కువ చేయం. కానీ జొన్న రొట్టె, కొర్రన్నం వెనక్కిపోయి మూడు పూటలా తెల్లన్నమే మిగలడం మేలు కాదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 11 గ్రాముల పీచు ఉంటే, పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. అట్లాగని నూకలు ఎక్కువేసి చేసిన సంగటి రెండు ముద్దలు తిని షుగర్ మందు తిన్నట్లు సంబరపడితే మోసపోతాం. ముద్ద తగ్గాలి, పక్కన పప్పు, ఆకుకూర పెరగాలి. చేలో వంగి కలుపు తీసిన ఒళ్లు మన జిల్లా రాయదుర్గంలో జీన్స్ కుట్టే మిషన్ ముందు పొద్దుగూకులూ కూర్చుంటే, తిన్నది ఎక్కడ ఖర్చవుతుంది?

భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్ ఉంది. పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నవాళ్లు 39.5 శాతం. పొట్ట కొవ్వు ఉండి షుగర్ ఇంకా రానివాళ్లే మా ఆందోళన. షుగర్ పరీక్షలో వాళ్లు దొరకరు.

ముప్పై ఏళ్లు దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుం కొలతకు గడి ఇప్పటికే ఉంది. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ఆ గడిని కంటి అంచనాతో కాక టేపుతోనే నింపేలా జిల్లా వైద్యాధికారులు చూడాలి. కొలత దాటినవాళ్లను షుగర్ నార్మల్ అని వెనక్కి పంపకుండా బీపీ చూడాలి, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్ పరీక్షను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా చేయాలి. బీడీ తాగుతారా అని అడగాలి. రోజూ నడక, తిండిలో మార్పుతో షుగర్ అంచున ఉన్నవాళ్లలో జబ్బు రావడం 28.5 శాతం తగ్గిందని చెన్నై వైద్యుల బృందం 2006లోనే చూపింది. దానికి మందు కూడా అక్కర్లేదు, నెలకోసారి పలకరించి గుర్తుచేసే మనిషి కావాలి.

మొదట రాయదుర్గం కుట్టు షెడ్లకు వెళ్లమని వైద్య సిబ్బందిని మేం కోరుతున్నాం. పగటిపూట అక్కడి ఆడవాళ్లు ఆసుపత్రికి రాలేరు, ఒక పూట పోతే ఆ పూట కూలీ పోతుంది. టేపు మోసుకుపోనక్కర్లేదు, వాళ్ల మెడల్లోనే ఉంటుంది.